కడిగేసిన చొక్కా

రొయ్య తలకాయలు మూడు రోజులు ఎండలో మగ్గితే ఎలా ఉంటుందో మీకు తెలుసనుకుంటున్నారేమో, తెలీదు. హార్బరు పక్కనుంచి బస్సులో ముక్కు మూసుకుని వెళ్ళినవాళ్ళకి ఆ కంపుతో ముఖపరిచయమే గాని సావాసం లేదు. నాకు సావాసం అయింది. పోయిన మే నెలలో అయింది. ఇప్పటికీ ఒక్కోరోజు అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి అది ముందే లోపలికెళ్ళి పీట వేసుకుని కూర్చుంటుంది.

నా పేరు చలమయ్య. వన్ టౌన్‌లో ఫొటో స్టూడియో. డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. చదువు మా ఊరి బళ్ళో ఐదో తరగతి. ఆరో తరగతి బడి ఏటికి అవతలుండేది, నాకు ఈత రాదు.

స్టూడియో పెట్టిన కొత్తలో సగం పని పెళ్ళిళ్ళు, సగం చావులు. బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగని మనుషులు ఎంతోమంది ఉండేవారు. వాళ్ళు పోతే ఇంటివాళ్ళు నా కోసం పరిగెత్తుకొచ్చేవారు. నేను వెళ్ళగానే ముందు చెంబుడు నీళ్ళడిగేవాణ్ణి. మొహం తుడిచి, తల దువ్వి, బొట్టు పెట్టి, దవడ జారకుండా గుడ్డ కట్టి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తీసేవాణ్ణి. "మా అయ్య బతికుండగా ఇంత బాగా లేడు" అని కొడుకులే అనేవారు. ఒకసారి ఒక పెద్దాయన ఫ్లాష్ వెలగ్గానే తుమ్మాడు. ఏడుస్తున్నవాళ్ళంతా గోడలు దూకి పారిపోయారు. ఆయన ఆ తరవాత పదకొండేళ్ళు బతికి, కనబడినప్పుడల్లా ఆ ఫొటో బాగా రాలేదని నన్ను తిట్టేవాడు. నమ్మకపోతే మానెయ్యండి. ఫొటో నా దగ్గరుంది, తుమ్ము మాత్రం అందులో కనబడదు.

ఆ చెయ్యివాటం చూసే పోలీసులు నన్ను పట్టుకున్నారు. నీళ్ళలో తేలినవాళ్ళు, పట్టాల మీద దొరికినవాళ్ళు, ఎవరైనా సరే, "చలమయ్యని పిలు" అనేవారు. ముప్ఫై ఏళ్ళు అలా సాగింది. తీసిన ఫొటోని ఫైలుకి పిన్ను కొట్టి బీరువాలో పెట్టేవారు. రెండోసారి చూసినవాడు లేడు.

పోయిన ఏప్రిల్‌లో ఎస్సై ఉమామహేష్ స్టూడియోకొచ్చి, "తాతా, ఇకనుంచి క్లాసుకెళ్ళి కాయితం తెచ్చుకున్నోళ్ళకే శవాల ఫొటో. మూడ్రోజులు. పేరు రాసేసినాను" అన్నాడు.

"నాకు క్లాసేటి బాబూ? నాను తీసిన శవాల్ని వరసగా పడుకోబెడితే భీమిలి దాకా వత్తాయి."

"అందుకే. పడున్నోణ్ణి పడున్నట్టుగా తియ్యడం నేర్సుకో."

క్లాసు చెప్పే పిల్ల పేరు శ్రీసత్య. నేరం జరిగిన చోట ఆనవాళ్ళు ఏరే క్లూస్ టీములో ఉద్యోగం. ముప్ఫై నిండలేదు. వాళ్ళ తాత గోదావరి నుంచి స్టీలు ప్లాంటు పనికి వచ్చాడట, ఈ పిల్ల ఉక్కునగరం క్వార్టర్సులో పుట్టి పెరిగింది. షిఫ్టు సైరను విని నిద్ర లేచినవాళ్ళకుండే కచ్చితం ఆ పిల్ల మాటలో ఉంది. ఇరవైమందిమి ఫొటోగ్రాఫర్లం వెళ్ళాం. మిగతా పందొమ్మిదిమందీ నా మనవళ్ళ ఈడు.

"ముట్టుకోకూడదు. అదే మొదటి పాఠం, ఆఖరి పాఠం కూడా" అంది. "దూరంనుంచి ఒకటి తియ్యాలి, చోటంతా కనబడేలాగ. మధ్యనుంచి ఒకటి, దేని పక్కన ఏముందో తెలిసేలాగ. అప్పుడు దగ్గరికెళ్ళాలి. దగ్గరది ముందు స్కేలు లేకుండా, తరవాత స్కేలు పెట్టి. కెమెరా గాయానికి తిన్నగా ఎదురుగా ఉండాలి. వాలిందంటే కొలత తప్పు చెబుతుంది. తీసిన ప్రతీదీ వరస నంబరుతో పట్టికలో రాయాలి. పాడైపోయిన ఫొటో కూడా చెరపకూడదు."

"పాడైంది దాసుకుంటే సూసినోళ్ళు నవ్వరేటమ్మా?"

"చూసేది జడ్జిగారండీ."

"ఆయన నవ్వడా?"

పిల్లలంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

రెండోరోజు మా ముందు నాలుగు గొర్రె తలకాయలు పెట్టింది. రెండు రోజులు ఎండలో ఉంచినవి. కళ్ళలో తెల్లగా పురుగు లుకలుకలాడుతోంది. ముక్కులోంచి పచ్చటి జిగురు కారి గడ్డకట్టింది. పక్కన కుర్రాడొకడు కిటికీలోంచి కక్కేశాడు. నేను ముప్ఫై ఏళ్ళుగా శవాలు చూసినవాణ్ణి కదా, దర్జాగా కూర్చుని తీశాను. నా తలకాయకి నాలుక బయటికి వేలాడుతోంది. అసహ్యంగా ఉంది. పుల్లతో లోపలికి తోసి, పెదవి మూసి, అప్పుడు నొక్కాను.

శ్రీసత్య నా వెనకే నిలబడి ఉంది. "తాతగారూ, ఎందుకు ముట్టుకున్నారు?"

"నాలుక అలగ వేలాడతంటే బాగుంటాదేటమ్మా?"

"బాగుండటానికి గొర్రెకేమైనా పెళ్ళిచూపులా? ఆ నాలుక మీద పంటిగాటుంది. అది ఎలా చచ్చిందో చెప్పేది అదొక్కటే. మీరు లోపలికి తోసేశారు."

"మళ్ళా బయటికి లాగుతాను."

"లాగితే అది మీరు పెట్టిన నాలుకవుతుంది, గొర్రెది కాదు."

మనవరాలి ఈడు పిల్ల చేత అంత మాట పడ్డాను. అయినా కాయితం ఇచ్చింది. ఇచ్చేటప్పుడు, "మీ చేతులే మీకు శత్రువులు తాతగారూ, జేబులో పెట్టుకోండి" అంది. "జేబులో పెట్టుకుంటే బటను ఎవుడు నొక్కుతాడమ్మా, ముక్కా?" అని వచ్చేశాను.

మే రెండోవారంలో ఫోనొచ్చింది. సముద్రంలో వేట ఆపేసే రోజులవి. బోట్లన్నీ రేవులో ఒకదాని భుజం మీద ఒకటి వాలి పడుకుంటాయి. వాటి మీది మనుషులు దొరికిన కూలికల్లా వెళ్తారు. హార్బరు వెనకాల రొయ్య తొక్కు షెడ్డు ఒకటుంది. తలకాయలూ తొక్కలూ తెచ్చి, ఎండబెట్టి, దాణాకి పంపుతారు. వాటిలోంచి కారే రసం, కుళ్ళిన పిప్పీ చేరడానికి రెండు నిలువుల గొయ్యి, పైన సిమెంటు పలకలు. అందులో వీరన్న అనే జాలరాయన పడి చచ్చిపోయాడు, బేగి రమ్మన్నారు.

గేటు దగ్గరే కళ్ళు మండిపోయాయి. నేలంతా గులాబిరంగు బురద. చెప్పు పైకి తీస్తే నేల చప్పరించినట్టు చప్పుడు. ఈగలు ఎగరడం కూడా మానేసి, తిని తిని బరువెక్కి, గోడకి నల్లగా అతుక్కున్నాయి. గోతి పక్కన తాటాకు చాప మీద వీరన్నని పడుకోబెట్టారు. మనిషని చెప్పారు కాబట్టి మనిషనుకున్నాను. తలనుంచి కాళ్ళదాకా జిగురు. చెవుల్లోంచి, ముక్కుల్లోంచి, పెదాల సందుల్లోంచి రొయ్య మీసాలు బయటికొచ్చి ఉన్నాయి. మెడ మడతలో తెల్లటివి కదులుతున్నాయి. ఒక కాకి దగ్గరికొచ్చి, చూసి, వద్దనుకుని వెళ్ళిపోయింది. కాకికి నచ్చని తిండి నా జన్మలో అదొక్కటే చూశాను.

ఒక చేత్తో తువ్వాలు ముక్కుకి అదిమి, రెండో చేత్తో గేటు దగ్గర్నుంచి ఒకటి తీశాను. దూరపు ఫొటో. చెయ్యి కదిలింది, అలికినట్టు వచ్చింది. చెరపకూడదంది కదా, ఉంచాను.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళాలి. నా కాళ్ళు వెళ్ళనన్నాయి.

ఎస్సై గేటు బయట ఫోనులో ఉన్నాడు. షెడ్డు మేనేజరు గుణశేఖర్ నా పక్కకొచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సెంటు కొట్టిన రుమాలు. "తాతగారూ, మీ చెయ్యి పడితే పోయినోడు పెళ్ళికొడుకులాగుంటాడని విన్నాను. ఇలగుంటే పెళ్ళాంబిడ్డలు సూడగలరా? పైపు పెట్టిత్తాను, కాత్త నీళ్ళు కొట్టండి."

నాకది న్యాయంగానే తోచింది. అంతకంటే నిజం చెప్పాలంటే, ఆ కంపులోంచి బయటపడ్డానికి ఎవరో దారి చూపించినట్టు తోచింది. పైపు పట్టుకున్నది వాళ్ళ మనిషి కాదు, నేనే. తల దగ్గర్నుంచి పాదాలదాకా కొట్టాను. గులాబి రసం కాలవ కట్టి గోతిలోకి పోయింది. కింద నుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి బయటపడ్డాడు. మంచి మొహం. నీలిరంగు చొక్కా. పై గుండీలు మూడు విడిపోయి ఉన్నాయి. తెరుచుకున్న ఛాతీ మీద, ఒక చంక కిందనుంచి రెండో చంక కిందకి, ఎర్రగా కమిలిన చార.

చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు, ఎవరికీ తెలీదు. చూశాను. బుర్రలోకి వచ్చిన మాట ఒక్కటే, ఫొటోలో ఇది బాగుండదు. గుండీలు మెడదాకా పెట్టేశాను. వేళ్ళతో తల దువ్వాను. తరవాత శ్రీసత్య చెప్పిన వరసలో పదమూడు ఫొటోలు తీశాను. మధ్యది, దగ్గరది, స్కేలు లేకుండా, స్కేలుతో. కెమెరా ఎక్కడా వాలలేదు. స్కేలు ఒక్కచోట మర్చిపోలేదు.

ఎస్సై లోపలికొచ్చాక గుణశేఖర్ చెప్పాడు. "తాగి వచ్చినాడు సార్. వద్దంటన్నా పలక మీద కూకున్నాడు. జారిపోనాడు. మేం పరిగెట్టుకొచ్చేసరికి బోర్లా పడి తేల్తన్నాడు. కొక్కెం కర్రతో లాగినాం."

అప్పుడే గేట్లోంచి వీరన్న భార్య వచ్చింది. పేరు ఈశ్వరి. ముక్కు మూసుకోలేదు. అంతమందిలో ముక్కు మూసుకోనిది ఆ మనిషొక్కతే.

"తాగినాడని ఎవుడన్నాడు? కామెర్లొచ్చి లేసిన కాణ్ణించి రెండేళ్ళు సుక్క ముట్టలేదు నా మొగుడు. గోతిలో పైపు పూడుకుపోనాదని, దిగాలని పొద్దుటే పిలిచినారు. తాడు లేకుండా దిగడు ఆడు. తాడేది?"

"తాడేటమ్మా, పడిపోనాడంటంటే" అన్నాడు గుణశేఖర్.

ఆవిడ చాప దగ్గర కూర్చుంది. మొగుడి మొహం చూసింది, చొక్కా చూసింది, తడి చేతితో ముట్టి చూసింది. ఏడుపు ఆగిపోయింది. "ఇదేటి? ఈ గోతిలో పడ్డోడు ఇంత సుబ్బరంగా ఉన్నాడేటి? ఎవుడు కడిగినాడు ఈణ్ణి?"

నేను కెమెరాలో కన్ను పెట్టి, ఎవరూ లేని గోడని ఫొటో తీస్తున్నట్టు నిలబడ్డాను.

ఇంటికొచ్చి మూడుసార్లు తలకి పోసుకున్నాను. సబ్బు అరిగిపోయింది గాని గోళ్ళ సందులో వాసన పోలేదు. కంప్యూటరు మీద ఆ ఫొటోలు పెట్టి చూశాను. బ్రహ్మాండంగా ఉన్నాయి. ప్రశాంతంగా నిద్రపోతున్న మనిషి. అవి చూస్తుంటే గోతి దగ్గర రాని వాంతి అప్పుడొచ్చింది. ఆ ఫొటోల్లో తాడూ లేదు, గొయ్యీ లేదు, కంపూ లేదు. గుణశేఖర్ చెప్పిన కథకి బొమ్మలు వేసినట్టున్నాయి.

శ్రీసత్యకి ఫోను చేశాను. సాయంత్రం ఆటోలో వచ్చింది. మొత్తం చెప్పాను. వింటున్నంతసేపూ నా మొహం చూడలేదు, తెరే చూసింది. ఆ అలికిపోయిన మొదటి ఫొటోని పెద్దది చేసి చూసింది. బురదరంగు గళ్ళు తప్ప ఏమీ లేవు.

"తాడు ముందే కట్టుకుని దిగితే, తాడున్నంత మేరా చొక్కాకి బురద అంటదు. శుభ్రంగా ఒక పట్టీలా మిగులుతుంది. చచ్చాక లాగడానికి కట్టి ఉంటే, బురద మీదే తాడు నొక్కు పడుతుంది. ఒక్క ఫొటో చాలు తేలిపోవడానికి. మీరు కడిగింది సరిగ్గా అదే తాతగారూ."

"మళ్ళా..." అన్నాను.

"మళ్ళా లేదు. నాలుక బయటికి లాగుతానంటారా?"

ఆ పిల్ల బ్యాగు తీసుకుని లేచింది. "రేపు పొద్దున్న పోస్టుమార్టం. చర్మం మీది చారని మీ నీళ్ళు ఏం చెయ్యలేవు. ఎస్సైగారికి నేను చెబుతాను. మీరొచ్చి, నేర్చుకున్నట్టుగా తియ్యండి."

"నానా? నువ్వే తియ్యమ్మా."

"గుండీ పెట్టింది మీరు. మీరే విప్పాలి. డాక్టరుగారి ముందు."

మార్చురీలో చల్లదనానికి కంపు తగ్గుతుందనుకున్నాను. తగ్గదు, గడ్డకడుతుంది, అంతే. తలుపు తీయగానే ఎవరో తడిగుడ్డ మొహాన కొట్టినట్టు తగిలింది. రాత్రికి రాత్రే వీరన్న పొట్ట ఉబ్బింది. పెదవి మూలనుంచి రొయ్య మీసం ఒకటి మళ్ళీ బయటికొచ్చింది. నేను కడిగింది పైపైనే అని ఆ మనిషి నాకు చెబుతున్నట్టుంది. చెయ్యి దానంతటది తీసెయ్యడానికి ముందుకెళ్ళింది. శ్రీసత్య దగ్గింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

డాక్టరుగారు చెప్పాక గుండీలు ఒక్కొక్కటీ విప్పాను. మూసి ఉన్నది ఒకటి, విప్పాక ఒకటి. పైనుంచి లైటు వేస్తే చార పాలిపోయి కనబడింది. శ్రీసత్య పెద్దలైటు ఆర్పించి, టార్చిని చర్మానికి ఆనినంత పక్కగా పట్టుకుంది. వాలు వెలుతురు పడేసరికి చార లేచి నిలబడింది. మూడు పేటలు పేనిన బోటు తాడు మెలిక మెలికా అచ్చుపడి ఉంది. ఎడమ రొమ్ము పక్కన నిమ్మకాయంత గుండ్రటి నొక్కు, అక్కడ చర్మం చిరిగింది. స్కేలు లేకుండా తీశాను. స్కేలు పెట్టి తీశాను. ఒంటికి తిన్నగా ఎదురుగా నిలబడాలంటే మొహం శవం మీదకి వంచాలి. వంచాను. ఊపిరి బిగబట్టలేదు. బిగబడితే చెయ్యి కదులుతోంది. అందుకని అంతా పీల్చుకుంటూ తీశాను. తిప్పి పడుకోబెట్టాక వీపు కూడా తీశాను. వీపు మీద చార ఉంది, నొక్కు లేదు.

"చర్మం కింద రక్తం గడ్డకట్టింది. ప్రాణం ఉండగా పడిన దెబ్బే" అన్నారు డాక్టరుగారు. "దింపేటప్పుడు పడిందా, కొనఊపిరితో ఉండగా పైకి లాగేటప్పుడు పడిందా అంటే నేను చెప్పలేను."

సాయంత్రానికి వీరన్నని కాల్చేశారు. ఇక మిగిలినవి నా ఫొటోలే.

మర్నాడు స్టేషన్లో కూర్చుని పట్టిక రాస్తున్నాను. ఉమామహేష్ నా భుజం మీంచి చూసి కుర్చీ లాక్కున్నాడు.

"ఏటి రాత్తన్నావ్ తాతా?"

"కడిగినానని."

"నీకేటైనా పిచ్చా? కడిగినానని రాత్తే లాయరు నీ ఫొటోలన్నీ చింపేత్తాడు. ఈ స్టేషన్ గుమ్మం నీకు మళ్ళా ఉండదు. నాను పక్కనుండి సూసుకోలేదని నాకూ మెమో వత్తాది. 'గోతి దగ్గర శవం ఫొటోలు, పద్నాలుగు' అని రాసి సంతకం పెట్టు."

"రాయకపోతే గుణశేఖర్ కథే నిలబడతాది బాబూ. పైపు ఇచ్చింది ఆడు."

"ఆడిచ్చినాడని నువ్వంటావు. నిన్నెవుడు నమ్ముతాడు? మొన్న మా కానిస్టేబుళ్ళకి సెప్పినావు కదా, ఫ్లాషెయ్యగానే శవం తుమ్మినాదని. ఇదీ అలాటిదే అంటారు."

ఆ మాట ఎక్కడో తగిలింది. నిజమే. జీవితమంతా నేను చెప్పినవి విని జనం నవ్వారు, ఒక్కరూ నమ్మలేదు. నమ్మమని నేనూ అడగలేదు. అడగవలసిన రోజొచ్చేసరికి నా దగ్గర పనికొచ్చే మాట లేదు. అందుకని మాట మానేసి, ఊరిబడి గుండ్రటి అక్షరాల్లో, మెల్లగా రాసుకుంటూ పోయాను. ఉమామహేష్ కాసేపు చూసి, బయటికెళ్ళిపోయాడు. కాయితం మాత్రం లాక్కోలేదు. ఆ మాత్రం చెప్పాలి.

ఆ మర్నాడు ఏసీపీగారు స్టేషనుకి విచారణకొచ్చారు. బల్లకి ఒక పక్క గుణశేఖర్, ఒక పక్క ఈశ్వరి. నేనూ శ్రీసత్యా గోడ దగ్గర. చార ఫొటో చూపించగానే గుణశేఖర్ కథలోకి తాడొచ్చింది.

"కంగారులో మర్సిపోనాను సార్. కొక్కెం అందలేదు. మా కుర్రాడు నిచ్చెన మీంచి వంగి, తాడు కట్టి లాగినాడు. అప్పటికి కొనఊపిరి ఉందేమో."

ఏసీపీగారు ఈశ్వరివైపు చూశారు. ఆవిడ ఫొటో దగ్గరికి జరిగింది. వేలు కాయితానికి తగలకుండా ఆ గుండ్రటి నొక్కు మీద గాల్లో ఆపింది.

"ఇది నా మొగుడేసుకున్న ముడి బాబూ."

"ఎలా చెబుతావమ్మా?"

"వల పోయి బోటు కింద తిరిగే పంకాకి సుట్టుకుంటే నీళ్ళలో దిగేది ఈడే. సంకల కిందనించి తాడు తెచ్చి, ముడి ఎడమ రొమ్ము పక్కన ఏసుకుంటాడు. కుడిసెయ్యి అందాల, ఆపదొత్తే ఇప్పుకోవాల. మావోళ్ళందరూ అంతే. అడగండి ఎవుణ్ణైనా." ఆగి, గుణశేఖర్‌ని చూసింది. "బోర్లా తేల్తన్నాడన్నావు కదా. బోర్లా ఉన్నోడికి మీదనించి వంగి కడితే ముడి ఎక్కడ పడతాది? గుండె మీదేత్తారా, నీళ్ళ కిందకి సెయ్యెట్టి?"

ఏసీపీగారు వీపు ఫొటో తీసి చూశారు. మళ్ళీ ఛాతీ ఫొటో చూశారు. "మీ కుర్రాడు ముడి ఎక్కడేశాడు?" అని గుణశేఖర్‌ని అడిగారు.

"యెనకే సార్... అంటే... నాను సూడలేదు."

"వెనక ముడి గుర్తు లేదే."

గుణశేఖర్ రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. సెంటు వాసన గదంతా కొట్టింది. నాకు దానికన్నా గొయ్యే నయమనిపించింది.

"చొక్కా మీద బురద ఎలా ఉంది? గోతి దగ్గరి ఫొటోల్లో చొక్కా శుభ్రంగా ఉందే" అన్నారు ఏసీపీగారు.

శ్రీసత్య నావైపు చూసింది. నేను ముందుకెళ్ళి నా పట్టిక చదివాను. "మొదటి ఫొటో కడగక ముందు, గేటు దగ్గర్నుంచి తీసినది, కదిలిపోయింది. రెండోది మొదలు పద్నాలుగు దాకా కడిగిన తరవాత తీసినవి. మేనేజరు పైపు తెప్పించి కడగమన్నాడు. కడిగింది నేను. వాసన భరించలేక కడిగాను. ఛాతీ మీద చార చూశాను. చూసి గుండీలు పెట్టాను."

ఈశ్వరి లేచి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వా?"

"అవునమ్మా."

థూ అని ఉమ్మింది. నా కాళ్ళ ముందు పడింది. కానిస్టేబులు కదలబోతే ఏసీపీగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ కంపులో నా మొగుడు సచ్చినాడు. దాని పక్కన నిలబడి ఒక్క ఫొటో తియ్యడానికి నీకు అసయ్యమేసినాదా?"

ఇలాంటప్పుడు నా నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కథ సిద్ధంగా ఉంటుంది. ఆరోజు లేదు. "వేసినాదమ్మా" అన్నాను.

గంట తరవాత గుణశేఖర్‌ని లోపలే ఉంచి, కేసు ప్రమాదం అన్నది కొట్టేసి, రక్షణ లేకుండా మనిషిని దింపి చంపినందుకు అని మార్చి రాశారు. ఉమామహేష్ నా పక్కనుంచి వెళ్తూ, "ఇంక నీకు ఫోన్ రాదు తాతా" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగా కూడా అనలేదు.

నేను సంచీ సర్దుకుని వరండాలోకొచ్చేసరికి ఈశ్వరి మెట్ల మీద నిలబడి ఉంది. కింద వాళ్ళ వీధి జనం పాతికమంది. వాళ్ళ మధ్య బల్ల మీద వీరన్న తల్లి గంగాలమ్మ, చెవి దగ్గర అరచెయ్యి దోనెలా పట్టుకుని కూర్చుని ఉంది. మూడు రోజులుగా వీళ్ళంతా తాగి చచ్చాడన్న మాటే వింటున్నారు. ఆవిడకి అది కూడా సైగలతో చెప్పి ఉంటారు.

"ఆ కాయితం తియ్యి" అంది ఈశ్వరి.

"నీకు నకలు ఇత్తారమ్మా లోపల..."

"నాకు సదువు రాదు. నువ్వు సదువు. మా అత్తకి సెవుడు, గట్టిగా సదువు."

కాయితం విప్పాను. వీరన్న తాడు కట్టుకుని దిగాడని, తాగి పడలేదని చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ అడ్డం వచ్చింది.

"అది నాను సెప్పుకోగలను. నువ్వు సేసింది సదువు. మొదటినించి."

చదివాను. వాసన భరించలేక కడిగాను అన్నచోట జనం కదిలారు. ఎవరో తిట్టారు. చార చూశాను, చూసి గుండీలు పెట్టాను అన్నచోట ఇంకా పెద్ద తిట్టు వినబడింది. గంగాలమ్మ కోడలి మొహంకేసి చూసి, "ఏటంటన్నాడే? తాగినాడంటన్నాడా?" అంది.

"తాగలేదంటన్నాడు. దింపినారంటన్నాడు. ఈడు దాసీసినాడంట" అని ఈశ్వరి ఆవిడ చెవిలో అరిచింది.

ముసలావిడ నావైపు తిరిగింది. "నాకు వినబళ్ళేదు. ఆణ్ణే సెప్పమను" అంది.

మెట్లు దిగి ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి నంబరు దగ్గర్నుంచి మళ్ళీ చదివాను, గొంతు చించుకుని, రోడ్డు మీద ఆటోలవాళ్ళు కూడా ఆగి వినేలా. ఆవిడ అరచెయ్యి చెవి దగ్గర్నుంచి దించలేదు.